తెలుగు నేర్చిన తిరునల్వేలి బిషప్పు

మన చూలైలోని పాత తెలుగు కుటుంబాలలో పెద్దలు చెప్పే కథ సుమారుగా ఒకటే. తాతగారో ముత్తాతగారో నెల్లూరి నుంచో, కృష్ణా తీరం నుంచో, చిత్తూరు వైపు నుంచో పొట్ట చేతబట్టుకొని చెన్నపట్నం వచ్చారు. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు పెట్టుకొని బతికారు. పిల్లల పెళ్ళిళ్ళు చేశారు. ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. ఈ కథ మనందరికీ తెలిసినదే. ఇటునుంచి అటు వెళ్ళి, తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెలలో ముప్పై అయిదేళ్ళు తిరిగి, తెలుగు మట్టిలోనే కలిసిపోయిన తమిళుల కథలు మాత్రం మనవారు అంతగా చెప్పుకోరు. అటువంటివారిలో ఒకరు డోర్నకల్లు బిషప్పు అజరయ్య గారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయన. క్రైస్తవ కుటుంబాలవారికి ఆ పేరు ఎలాగూ పరిచితమే. తక్కినవారు కూడా తెలుసుకోదగిన మనిషి అనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పూర్తి పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై అనే చిన్న పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు ఆ ఊరి గుడికి గురువు. ఆయన హిందువుగా పుట్టి తరువాత క్రైస్తవంలో చేరినవారు. కులానికి నాడార్లు. ఆ రోజులలో నాడార్లకు దేవాలయ ప్రవేశం లేదని, పై కులాలవారు వారిని దూరంగా ఉంచేవారని చదువరులు ఎరుగుదురు. తల్లి ఎల్లెన్ అమ్మగారు చాలా ఏళ్ళు మగబిడ్డ కోసం ప్రార్థించి కన్న కొడుకు గనుక, బైబిలులో హన్నమ్మ అలాగే కన్న కొడుకు పేరు పెట్టి శామ్యూల్ అన్నారు. పిల్లవాడికి పదిహేనేళ్ళైనా నిండకుండానే తండ్రి పోయారు. ఆ తల్లి పట్టుదలమీదనే చదువు సాగింది.

పై చదువుకు చెన్నపట్నం వచ్చారు. క్రైస్తవ కళాశాల అప్పటికి తాంబరం వెళ్ళలేదు. జార్జిటౌనులో, హైకోర్టుకు ఎదురుగా ఉండేది. మిల్లరు దొరగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలం అది. అజరయ్య గారికి లెక్కలంటే ఇష్టం, డిగ్రీకి ఆ శాస్త్రమే తీసుకున్నారు. పరీక్షల వేళకు జబ్బు చేసి పడుకున్నారు, డిగ్రీ రాలేదు. మళ్ళీ కూర్చుని పరీక్ష రాయవచ్చును గదా అంటే, రాయనూ లేదు. అలా బి.ఏ. పట్టా లేకుండా మిగిలిపోయినవారికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరు పట్టం ఇచ్చింది. ఈ సంగతి మార్కుల పట్టీ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొనే మన పిల్లలకు ఒకసారి వినిపించవచ్చు. అయితే దీన్ని పట్టుకొని చదువు మానేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి!

కళాశాల విడిచాక వై.ఎం.సి.ఏ. సంఘంలో కార్యదర్శిగా చేరారు. ఎస్ప్లనేడులో ఆ సంఘానికి ఉన్న ఎర్రటి పెద్ద మేడ 1900లో లేచింది. ఆ మేడ లేచేనాటికే ఆయన ఆ ఉద్యోగంలో ఉన్నారు. దక్షిణాదిలో ఊరూరా తిరిగి విద్యార్థులతో మాట్లాడడం, సభలు పెట్టడం ఆయన పని. షెర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడు తోడుగా దొరికాడు. ఇద్దరూ ఒక ఈడువారే. తెల్లవాడికి నల్లవాడికి మధ్య దొర, నౌకరు వరసే తప్ప మరొక వరస అరుదుగా కనిపించే ఆ రోజులలో వీరిద్దరూ నిజంగా స్నేహితులయ్యారు. ఈ స్నేహాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలి. తరువాత రాబోయే పెద్ద సభలో ఆయన నోట వచ్చిన మాటకు మూలం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం.

1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన తొలితరంలో ఆమె ఒకరు. కట్నం పుచ్చుకోలేదు, పెళ్ళికి ఆడంబరమూ లేదు. మన సంఘం సభలలో కట్నం వద్దని తీర్మానాలు చేసి, ఇంటికి వెళ్ళి ఎంత ఇస్తారని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు గనుక ఈ మాట రాశాను.

ఆయన జీవితంలో మలుపు 1902లో వచ్చింది. పనిమీద యాళ్పాణం వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకొని, తమ మనిషినే సముద్రం దాటించి, భారతదేశంలో సువార్త పనికి పంపుతున్నారని తెలిసింది. తిరునల్వేలిలో అప్పటికి క్రైస్తవ సంఘం పుట్టి నూరేళ్ళు దాటింది. వేలకొద్దీ కుటుంబాలున్నాయి. అయినా అన్ని పనులకూ ఇంగ్లండు నుంచి వచ్చే డబ్బుకే ఎదురుచూపు. ఇది ఆయనకు సిగ్గు కలిగించింది. ఇల్లు చేరిన కొద్ది నెలలకే, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో కొందరిని కూర్చి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. మనుషులు మనవారే, డబ్బు మనదే, పెత్తనమూ మనదే అన్నది దాని కట్టడి. ఇదే కట్టడితో దేశమంతటికీ ఒక నేషనల్ మిషనరీ సొసైటీ 1905 క్రిస్మసు రోజున బెంగాలులోని శ్రీరాంపురంలో ఏర్పడింది. దాని స్థాపకులలో కూడా ఆయన ఒకరు. బెంగాలులో విదేశీ బట్టలు తగలబెడుతున్న ఏడాది అది. అజరయ్య గారు బట్టలు తగలబెట్టలేదు, ఉపన్యాసాలతో నిప్పులూ కురిపించలేదు. పరాయి డబ్బు వద్దన్నారు, అంతే. కాని ఆ మాట అనడానికీ తక్కువ ధైర్యం చాలదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరూ అడుగుపెట్టని చోటు చూపమని అడిగితే, నిజాం రాజ్యంలో వరంగల్లు జిల్లా, మానుకోట వైపు డోర్నకల్లు ప్రాంతం తేలింది. తిరునల్వేలికి అది పరదేశం కిందే లెక్క. పరిపాలన వేరు, భాష వేరు, తిండి వేరు. సొసైటీవారు 1904లో మొదటి మనిషిని పంపారు. అజరయ్య గారు మాత్రం ఇంకా చెన్నపట్నంలో కూర్చుని ఉత్తరాలు రాస్తూ, చందాలు పోగుచేస్తూ ఉన్నారు. వెళ్ళండని ఇతరులకు చెప్పడం, తాను వెళ్ళకపోవడం ఆయనకు పొసగలేదు. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం విడిచి, ఆంగ్లికన్ గురుత్వ దీక్ష పుచ్చుకొని, భార్యాబిడ్డలతో డోర్నకల్లు చేరారు. ముప్పై అయిదేళ్ళ వయసు. పేరున్న ఉద్యోగం, పట్నవాసం, దేశవిదేశాల ప్రయాణాలు చూసిన మనిషి, రైలు జంక్షను తప్ప మరేమీ లేని ఊరికి వెళ్ళారు.

అక్కడ ముందుగా చేయవలసి వచ్చిన పని తెలుగు నేర్వడం. ఈ సంగతిమీద మన పాఠకులకు నేను ఎక్కువ చెప్పనవసరం లేదు. అటునుంచి ఇటు వచ్చినప్పుడు మన పెద్దలు పడ్డ అవస్థే ఇది, తిరగబడి వచ్చింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం, ప, బ రెండింటికీ ఒకటే. ఒత్తులు లేనే లేవు. తమిళం మాతృభాషగా ఉన్నవాడికి భక్తి, భయం, ఫలం, ధర్మం అన్న మాటలు నాలుక తిరగడం ఎంత కష్టమో మన పక్కింటివారిని చూస్తే తెలుస్తుంది. అందులోనూ మత ప్రసంగం చేసేవాడికి ఈ మాటలు లేకుండా ఒక్క పూట గడవదు. పైగా మానుకోట వైపు పల్లెల తెలుగు ఉర్దూ మాటలు కలిసిన తెలుగు, కోస్తా పుస్తకాల తెలుగు కాదు. పుస్తకం చూసి నేర్చినవాడు అక్కడి వాడలో నోరు విప్పితే, ఎవరో దొరవారి మాటలాగ ఉంటుందే తప్ప మనసుకు తగలదు. ఆయన ఈ రెండు తెలుగులూ పట్టారు. తిరునల్వేలి తమిళుడు తెలుగులో ఆరాధన నడిపి, తెలుగులో ప్రసంగించి, తెలుగు గురువులకు తెలుగులో పాఠం చెప్పాడు.

డోర్నకల్లు చేరిన మరుసటి సంవత్సరమే ఆయన పేరు లోకమంతా వినవలసి వచ్చింది. 1910 జూనులో స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. పన్నెండు వందలకు పైగా ప్రతినిధులు కూడారు. అందులో ఆసియావారు ఇరవైమందికి లోపే. దేశీయులకూ విదేశీ మిషనరీలకూ ఉండవలసిన సహకారం గురించి అజరయ్య గారిని మాట్లాడమన్నారు. వచ్చిన దొరలకు కృతజ్ఞతలు చెప్పి, దండం పెట్టి దిగిపోతే అందరూ చప్పట్లు కొట్టేవారే. ఆయన అలా చేయలేదు. కోపంగానూ మాట్లాడలేదు. ముందుగా మిషనరీల త్యాగాన్ని మనసారా ఒప్పుకున్నారు. పేదలకు అన్నం పెట్టారు, ప్రాణాలు అర్పించారు అన్నారు. ఆ తరువాత, దేశం నలుమూలలా తిరిగి చూసిన మనిషిగా ఒక సంగతి చెప్పారు. దొరలకూ మా వారికీ మధ్య మాటామంతీ లేదు, ఒకరి ఇంటికి ఒకరు రావడం లేదు, పక్కన కూర్చుని భోజనం లేదు, పై అధికారి, కింది ఉద్యోగి అన్న వరసే ఉన్నది. చివరకు అడిగినది ఒక్కటే. ప్రేమ కూడా ఇవ్వండి, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు.

సభలో కొందరికి ఈ మాట ముల్లులాగ గుచ్చుకున్నది. అన్నం పెట్టిన చేతినే అంటున్నాడని గుసగుసలు వచ్చినవి. కాని ఆ మహాసభలో పన్నెండు వందల మంది చేసిన ఉపన్యాసాలలో నూరేళ్ళ తరువాత కూడా లోకం జ్ఞాపకం పెట్టుకొన్నది ముఖ్యంగా ఆ ఒక్క మాటనే. మితవాది అంటే మెత్తగా అబద్ధం చెప్పేవాడు అని మనలో ఒక తప్పు అభిప్రాయం ఉన్నది. ఈయన మెత్తగా నిజం చెప్పినవాడు. ఆ రెండూ ఒకటి కావు.

ఇక బిషప్పు పదవి సంగతి. క్రైస్తవేతరులైన చదువరుల కోసం ఒక మాట చెబుతాను. ఆంగ్లికన్ సంఘం అంటే ఇంగ్లండు దేశపు అధికార మత సంఘం. ఊరి గుడికి గురువు, ఒక ప్రాంతంలోని గురువులందరిమీదా బిషప్పు. ఆయన పాలించే ప్రాంతాన్ని అధ్యక్ష మండలం అంటారు. కొత్త గురువులకు తలమీద చేతులుంచి దీక్ష ఇచ్చే అధికారం బిషప్పుదే. అప్పటికి హిందూ దేశంలో బిషప్పులందరూ ఇంగ్లీషువారే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు తెలుగు సీమల పని ఒక భారతీయునికి అప్పగించాలన్నారు. ఆయన దృష్టిలో ఉన్నది అజరయ్య గారే. పెద్ద చర్చ లేచింది. తెల్ల గురువులమీద నల్ల బిషప్పు పెత్తనం ఎలా చెల్లుతుంది? ఇంగ్లండు రాజుగారి అనుమతి పత్రాలు ఏమంటాయి? డబ్బు లెక్కలు చూడగలడా? ఇలాంటి ప్రశ్నలు. మన దేశీయులలోనూ సందేహించినవారున్నారు. మన వాడు మనమీద అధికారి కావడం కన్న పరాయివాడే మేలు అనుకోవడం మనకు కొత్త జబ్బు కాదు. చివరకు 1912 డిసెంబరు 29న కలకత్తాలో సెయింట్ పాల్ కథీడ్రల్‌లో అభిషేకం జరిగింది. మొదట ఇచ్చినది చిన్న మండలం, కొద్ది వేలమంది క్రైస్తవులు, వేళ్ళమీద లెక్కపెట్టగల గురువులు. ఇంత చిన్నది గనుక ఇచ్చారు అని కొందరు అన్నారు కూడా.

ఆ చిన్న మండలాన్ని ఆయన నడిపిన తీరు చూడాలి. ఆయన దగ్గరకు వచ్చినవారిలో అధికభాగం మాలలు, మాదిగలు. చదువు లేదు, భూమి లేదు. దొరల పొలాలలో తరతరాల వెట్టి. వారికి ప్రసంగం చేయడమంటే పట్నపు గుడిలో ఉపన్యాసం చేసినట్లు కాదు. బండిమీద, కాలినడకన పల్లెకు చేరి, పగటి కూలి ముగిసి జనం పోగయ్యేదాకా ఆగి, లాంతరు వెలుగులో మాట్లాడాలి. ఆయన ఒక్కొక్క మాటా అడుగుతూ, వారి చేత చెప్పిస్తూ, మళ్ళీ అనిపిస్తూ బోధించేవారు. ఇది మన వీధిబడి పంతులుగారి పద్ధతే. అక్షరం రానివాడికి జ్ఞాపకమే పుస్తకం గదా. సువార్త మీరు ఇంకొకరికి చెప్పకపోతే మీకు శ్రమ అని పౌలు అపొస్తలుని భావాన్ని, బాప్తిస్మం పొందినవారి చేత వారి తలమీద వారి చేయి పెట్టించి చెప్పించేవారు. ఏడాదికొకసారి సాక్ష్య వారం అని పెట్టారు. ఆ వారం కూలివాళ్ళు, ఆడవాళ్ళు, చదువురానివాళ్ళు కూడా పొరుగూళ్ళకు వెళ్ళి తమకు జరిగిన సంగతి తామే చెప్పాలి. నోరెత్తి మాట్లాడడానికి తరతరాలుగా అలవాటు లేనివారిని లేపి మాట్లాడించడం ఎంత పెద్ద సంగతో, మతం పక్కన పెట్టి చూసినా తెలుస్తుంది.

మోక్షం మాట ఒకటే చెప్పి ఊరుకున్నవారు కారు ఆయన. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగూ పల్లెకు పట్టిన దయ్యాలని చెప్పి, వాటిమీద యుద్ధం చేయమనేవారు. బడులు, వైద్యశాలలు, సహకార సంఘాలు, అచ్చుయంత్రాలు వచ్చినవి. ఆడపిల్లల చదువు, తల్లుల సమాజాల పని అన్బు అమ్మగారు చూసుకొనేవారు. ఖర్చుకు డబ్బు మళ్ళీ ఇంగ్లండునే అడగాలా? లేదు, ఇవ్వడం నేర్వాలి అన్నారు. వంట వేళ తల్లి పిడికెడు బియ్యం తీసి వేరే పెట్టడం, కోతల పండుగనాడు కొత్త ధాన్యమో, కోడిపెట్టో, గుమ్మడికాయో గుడికి తేవడం. పేదవాడి దగ్గర ఏమి పుచ్చుకుంటాం అని జాలిపడేవారికి ఆయన జవాబు ఏమంటే, ఏమీ ఇవ్వలేనివాడని అతడిని అనడమే అతడికి అవమానం. దీనిమీద ఆయన రాసిన చిన్న పుస్తకం అనేక భాషలలోకి వెళ్ళింది.

అంతా పాలూ తేనెగా జరిగిందని చెప్పబోవడం లేదు. గుడిలోకి వచ్చినా మాల మాలే, మాదిగ మాదిగే అన్నట్లు తగాదాలు ఉండేవి. ఒక వాడకు పంపిన ఉపదేశిని ఇంకొక వాడ ఒప్పుకోదు. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం దగ్గర చిక్కు. నాడారు ఇంట పుట్టినవాడికి కులం దెబ్బ పుస్తకం చదివి తెలిసినది కాదు. ఆయన ఈ విషయంలో మెత్తబడలేదు. పూర్తిగా గెలిచారనీ అనలేము. ఈ నాటికీ గెలవనివారమే గదా మనం.

1920 తరువాత మండలం బాగా పెరిగింది. మచిలీపట్నంలో 1841లో ఫాక్స్, నోబుల్ దొరలు మొదలుపెట్టిన పాత మిషను, దాని కింద కృష్ణా సీమలోని సంఘాలు ఈయన పాలన కిందికి వచ్చినవి. కర్నూలు వైపు సంఘాలు కూడా చేరినవి. ఇప్పుడు ఆయన కింద మానుకోట పల్లెవారే కాదు, నోబుల్ కళాశాలలో చదివిన పెద్ద కుటుంబాలవారు, తాతల నాటి నుంచి గురువులుగా ఉన్న తెలుగు అయ్యగార్లు, వారితోపాటు ఇంగ్లీషు మిషనరీలు కూడా ఉన్నారు. అందరిమీదా ఒక తమిళుడు. 1935 నాటికి సుమారు రెండు వందల యాభైమంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా పల్లె ఉపాధ్యాయులు ఆ మండలంలో ఉన్నారు. చేరిన జనం రెండు లక్షలు దాటారు. చిన్న మండలం అని ఎగతాళి చేసినవారు అప్పటికి ఏమన్నారో మరి.

రాజకీయాలలో ఆయన నడిచిన దారి ఇరుకైనది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని సర్కారు అంటే, వద్దు అన్నారు. మేము ఈ దేశపు జనంలో భాగం, గోడ కట్టి విడిగా పెట్టవద్దు అన్నది ఆయన వాదన. ఇక్కడ కాంగ్రెసువారికి ఆయన నచ్చాలి. కాని మతం మారడం దగ్గరకు వచ్చేసరికి గాంధీ మహాత్మునితో ఆయనకు పొసగలేదు. హరిజనులు సువార్త విని మారడం లేదు, తెలియక, ఆశ చూపితే మారుతున్నారు, సేవ చేయండి, మతం మార్చకండి అని మహాత్ముడు. మాల, మాదిగలకు మాత్రం బుద్ధి లేదా, తన ఆత్మకు ఏది మేలో తానే తేల్చుకొనే హక్కు వారికి లేదా అని బిషప్పు. హిందూమతాన్ని విడుస్తానని అంబేద్కరు గారు 1935లో ప్రకటించాక, ఈ వాదన ఇంకా వేడెక్కింది. 1936లో అజరయ్య గారు దళిత జనులకు ఒక బహిరంగ లేఖ రాశారు. ఇద్దరూ పెద్దవారు, ఇద్దరూ అంటరానితనాన్ని ద్వేషించినవారు, ఇద్దరూ పల్లెలలో నడిచినవారు. ఈ తగవులో ఏ పక్షం చేరాలో చదువరుల ఇష్టం. నాకైతే, మహాత్ముని నీడలో నిలబడి కాదనగలిగిన మెతక మనిషి అంటే గౌరవమే కలుగుతుంది.

డోర్నకల్లులో ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. ఇంగ్లండులో ఉన్నట్లు కోసు గోపురం కాదు. మసీదులకున్నట్లు గుమ్మటాలు, మినార్లు, మన మండపాలలో ఉన్నట్లు చెక్కిన నల్లరాతి స్తంభాలు, లోపల సిలువ. నిజాం రాజ్యంలో, తెలుగు నేలమీద, క్రీస్తుకు కట్టిన ఇల్లు ఎలా ఉండాలో అలా ఉన్నది. డబ్బు చేతికి వచ్చినప్పుడల్లా కొంత, లేనప్పుడు ఆపి, పాతికేళ్ళు కట్టారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. కట్టడం దేశీయమే గాని, లోపల ఆరాధన క్రమం మాత్రం ఆయన ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్నే పట్టుకొన్నారు. ఆ పుస్తకం కూడా మార్చాలని తొందరపడే కుర్రవారికి ఇది చాదస్తంగా కనిపించేది. ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్న దగ్గర ఆయన కొలత ఆయనది.

ఆయన చివరి పాతికేళ్ళ పోరాటం మన పట్నంతోనే ముగిసింది గనుక అది కొంచెం వివరంగా చెబుతాను. పడమటి దేశాల తగాదాలన్నీ మిషనరీల మూటలలో కట్టుకొని మన ఊళ్ళకు వచ్చినవి. ఒక పల్లెలో ఆంగ్లికన్, పక్క పల్లెలో మెథడిస్టు, అవతల ఇంకొకరు. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ వచ్చిన జగడాలు మానుకోట మాదిగవాడకు ఎందుకు? 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పైముగ్గురు గురువులు కూర్చుని, ఒక్కటి కావాలని ప్రకటన చేశారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నడిపినవారిలో అజరయ్య గారు ఒకరు. 1927లో స్విట్జర్లండులోని లోజాను మహాసభలో ఆయన, చీలికలు మీ దేశాలలో ఒక బలహీనత కావచ్చు, మా దేశంలో అవి పాపం అన్న భావం వచ్చేట్టు మాట్లాడారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బిషప్పు దగ్గర. బిషప్పు చేయి పడితేనే గురువు అని ఆంగ్లికన్లు. మాకు బిషప్పులే లేరు, మరి మా గురువులు ఇన్నాళ్ళూ గురువులు కారా అని తక్కినవారు. ఆ మాట ఒప్పుకొంటే తమ తండ్రులను కించపరచినట్లు, ఒప్పుకోకపోతే తమ సంఘం మూలం పోయినట్లు. ఇరవై ఏడేళ్ళు బేరం సాగింది. చివరకు తేల్చినది ఇది. బిషప్పు పదవి అందరూ ఒప్పుకొంటారు. ఇప్పటికే ఉన్న గురువులందరినీ మళ్ళీ దీక్ష లేకుండా గురువులుగానే తీసుకొంటారు. ఇకమీద దీక్ష పొందేవారికి మాత్రం బిషప్పు చేయి. ముప్పై ఏళ్ళ తరువాత మళ్ళీ కూర్చుని చూసుకొంటారు. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు కోడళ్ళ వంట కలిపిన పెద్దలకు ఈ ఏర్పాటులోని నేర్పు ఇట్టే తెలుస్తుంది. ఇంగ్లండులోని గట్టి ఆంగ్లికన్లకు ఇది ద్రోహంగా కనిపించింది, బిషప్పు వద్దనేవారికి ఇది లొంగిపోవడంగా కనిపించింది. మధ్య నిలిచినవాడికి రెండు వైపులా దెబ్బలు తప్పవు.

అజరయ్య గారు ఆ ఫలితం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్లులో కన్ను మూశారు. అదే జనవరిలో భారత, బర్మా, సింహళ ఆంగ్లికన్ మహాసభ, దక్షిణాది మండలాలు ఐక్య సంఘంలో చేరడానికి ఒప్పుకొంటూ ఓటు వేసింది. 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మన చెన్నపట్నంలో సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ప్రారంభమైంది. పద్నాలుగు మండలాలు, పది లక్షలకు పైగా జనం. బిషప్పులున్న సంఘం, బిషప్పులు లేని సంఘాలు ఇలా ఒక్కటి కావడం లోకంలో అదే మొదటిసారి. ఆయన సొంత మండలంలో భాగంగా ఉండిన నంద్యాల వైపువారు మాత్రం ఆ రోజు చేరలేదు, చాలాకాలం విడిగా ఉన్నారు. ఇంగ్లండు సంఘంవారు తమ పంచాంగంలో జనవరి 2వ తేదీని ఇప్పుడు ఆయన పేర పాటిస్తారు.

సమాధి డోర్నకల్లులోనే, ఆయన కట్టించిన గుడి ఆవరణలో ఉన్నది. ఊరు ఇప్పుడు తెలంగాణలో మహబూబాబాదు జిల్లాలో చేరింది. చూడదలచినవారు సెంట్రల్‌లో ఎక్కి విజయవాడ, ఖమ్మం మీదుగా వరంగల్లు వెళ్ళే దారిలో దిగవచ్చు. అన్ని బళ్ళూ అక్కడ ఆగవు గనుక, టిక్కెట్టు పుచ్చుకొనేముందు ఒకసారి అడిగి చూసుకోవాలి.